మందు పడింది

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
ఆదివారం

పిచ్చుకా,

ముందు మంచి మాట చెప్పి తర్వాత తిట్లలోకి వస్తాను. మీ అన్నయ్యకు మందు పడింది.

నిన్న పొద్దున్న అంచుదాకా నిండిన టీ కప్పు పట్టుకుని వంటగదిలోంచి వరండా దాకా నడిచారు. ఒక్క చుక్క ఒలకలేదు. అలవాటు కొద్దీ నేను తుడుపుగుడ్డ పట్టుకుని వెనకే వెళ్లాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, "ఆ గుడ్డ ఎందుకు, జెండానా? ఊరేగిస్తున్నావా నన్ను?" అన్నారు. ఆ మనిషి వెటకారం విని ఎన్నాళ్లయిందే! వంటగదిలోకి వచ్చి, స్టవ్ కట్టేసి, కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే అనుకో.

నీకు తెలియనిదేముంది. బోర్డులు రాసే మనిషికి చెయ్యి వణికితే ఇక ఆయన దగ్గర ఏం మిగులుతుంది? ఈ వణుకుజబ్బు అని తేలినప్పటి నుంచి కుంచెల డబ్బా అటక మీదే ఉంది. మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం, భోజనానికి పిలిస్తే "ఆకల్లేదు" అనడం, ఇంతే. ఇప్పుడు కొత్త మాత్ర మొదలెట్టాక అటకెక్కి డబ్బా తనే దింపుకున్నారు. వీధి చివర పళ్ల డాక్టరు బోర్డు పూర్తి చేశారు. నేను వెళ్లి చూశాను. అక్షరాలు పాతికేళ్ల కుర్రాడు రాసినట్టున్నాయి. ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే దానికి అది కొంచెం నిరాశే. మా పెళ్లి కుదిరిందే ఒక తప్పు మీద కదా. మా ప్రెస్సు బోర్డులో ఒత్తు మర్చిపోయారని నేను కిందికి దిగి చెబితే, నిచ్చెన మీంచి కుంచె నా చేతికిచ్చి, "అయితే మీరే పెట్టండి" అన్నారు.

ఇక తిట్లు. ఫోనులో నీతో ఒక్క ముక్క మనసు విప్పి మాట్లాడనిస్తారా మీ అన్నయ్య? మోగగానే స్పీకరు నొక్కి బల్ల మీద పెడతారు. వదినా మరదళ్ల మాటలు వీధంతా వింటుంది. అందుకే ఉత్తరాలు రాస్తున్నాను, నువ్వూ రాయి. నువ్వు చేసే ఉద్యోగం ఏమిటని ప్రెస్సులో అందరూ అడుగుతున్నారు. "కంప్యూటరుకి మందు పోస్తుంది" అని చెబుతున్నాను. తప్పయితే సరిదిద్దు.

చెప్పడం మర్చిపోయాను. నిన్న పంచదార డబ్బా మీద "పంచదార" అని ఎంత అందంగా రాసిపెట్టారో! ఉప్పు డబ్బా మీద కూడా.

మీ వదిన

*

ల్యాబు, కిటికీ లేని గది
బుధవారం

వదినా,

నీ ఉత్తరం క్యాంటీనులో విప్పడం నా తప్పు. చదువుతూ చదువుతూ ముక్కు చీదడం మొదలెట్టాను. ఎదురుగా మా కెమిస్టు కూర్చున్నాడు. నోరు విప్పడు గనక అందరూ మౌనిబాబా అంటాం. ఆయన భయపడిపోయి, "ఎవరైనా పోయారా?" అన్నాడు. "పోయిన మా అన్నయ్య తిరిగొచ్చాడు" అన్నాను. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటకు నేనిచ్చిన జవాబు అది. ఇక జన్మలో మాట్లాడతాడో లేదో.

కంప్యూటరుకి మందు పోయడం అన్నావు చూడు, మరీ తప్పేం కాదు. మన ఒంట్లో కణాల మీద రిసెప్టర్లు అని కొన్ని ప్రోటీన్లుంటాయి. బయటి కబురు అందుకుని లోపలికి చేరవేయడం వాటి పని. చాలా మందులు వెళ్లి వాటినే పట్టుకుంటాయి. పుస్తకాల్లో తాళం, తాళంచెవి అని బొమ్మ వేస్తారు. నాకు ఆ బొమ్మంటే ఒళ్లు మంట. తాళానికి తెరుచుకోవడం, మూసుకోవడం, రెండే తెలుసు. రిసెప్టరు అలా కాదు. పట్టుకున్న మందును బట్టి ఇటు కొంచెం వంగుతుంది, అటు కొంచెం వంగుతుంది. ఎటు వంగిందన్న దాన్ని బట్టి లోపల వేరు వేరు పనులు మొదలవుతాయి. ఒక్కోసారి ఏ పనీ మొదలవదు, మందు ఊరికే అడ్డంగా కూర్చుంటుంది.

అన్నయ్య నా చేతికి మొదటిసారి కుంచె ఇచ్చి ఏమన్నాడో తెలుసా? "పట్టుకోవడం అందరూ పట్టుకుంటారు పిచ్చుకా, పట్టుకున్నాక ఏం చేస్తావన్నదే పని." నా ఉద్యోగం మొత్తం ఆ ముక్కే. వేల మందుల ఆకారాలు, అవి ఏ రిసెప్టరును పట్టుకుని ఏం చేశాయో పయోగాల్లో కొలిచిన సంగతులు, అన్నీ కంప్యూటరుకి చూపిస్తాం. చూసి చూసి దానికి ఒక అంచనా కుదురుతుంది. అప్పుడు అది ఎన్నడూ చూడని మందునిచ్చి, "ఇదేం చేస్తుందో చెప్పు" అంటాం. దాన్నే మెషిన్ లెర్నింగ్ అంటారు. ఇప్పటికి మా మోడల్ పట్టుకోవడం దాకా గడగడా చెబుతోంది. పట్టుకున్నాక ఏమవుతుందని అడిగితే మాత్రం నీళ్లు నములుతోంది.

అన్నయ్య బోర్డు ఫొటో పంపించు. ఉప్పు డబ్బాది కూడా.

నీ పిచ్చుక

*

ఇల్లు, వరండా
శనివారం

పిచ్చుకా,

ఉత్తరం బాగుంది. "ప్రయోగం"లో క్రావడి ఎగ్గొట్టావు. ఇంత చదువు చదివి అక్షరాల దగ్గర పిసినారితనం ఏమిటి?

ఫొటోలు పంపమన్నావు. ఏది పంపను? ఉప్పు, పంచదార అయ్యాక పప్పుల డబ్బాలన్నీ అయ్యాయి. బాగానే ఉందనుకున్నాను, వెతుక్కునే పని తప్పింది. తర్వాత బకెట్టు మీద "బకెట్టు". కుర్చీ వెనక "కుర్చీ". నాలుగు కుర్చీలకూ నాలుగు రకాల అక్షరాలు. మొన్న స్నానానికి వెళితే తలుపు లోపలివైపు "తలుపు" అని ఉంది. "అయ్యా, ఇది తలుపని నాకు తెలుసు, దీంట్లోంచే లోపలికొచ్చాను" అని అరిచాను. బయట నుంచి, "వార్నిషు ఆరలేదు, ముట్టుకోకు" అన్నారు.

పక్కింటి రిటైర్డు మాస్టారు వాళ్ల గేటు మీద "గేటు" అని ప్రత్యక్షమైంది. మాస్టారు మంచివాడు గనక సరిపోయింది. "ఎవరైనా కిటికీ అనుకుంటారని భయమా అమ్మా మీ ఆయనకి?" అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే ఆ గేటు అక్షరాలకి నీడ సరిగా రాలేదని మళ్లీ బయల్దేరుతున్నారు.

పని మీద అంత ధ్యాస. వడ్డించి పిలిస్తే, "వస్తున్నా, ఈ ఒక్క గీత" అంటారు. ఆ గీత అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది. మళ్లీ వెచ్చబెట్టి పిలిస్తే మళ్లీ అదే మాట. సరేలే, ఏమీ చేయకుండా గోడకేసి చూసే మనిషి కన్నా ఇది నయం కదా. నువ్వే చెప్పు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. చెయ్యి చాపించి చూసి చాలా సంతోషపడింది. "ఇంట్లో ఆయన తీరులో ఏమైనా మార్పు కనబడిందా?" అని నన్ను విడిగా అడిగింది. "ఏమీ లేదండీ, మందు బాగా పడింది" అన్నాను.

ఇంకో సంగతి రాద్దామనుకున్నాను. ఏమీ కాదులే. నీ కంప్యూటరు ఇంకా నీళ్లు నములుతోందా, మింగిందా?

వదిన

*

ల్యాబు, అదే గది
మంగళవారం

వదినా,

తలుపు మీద "తలుపు" చదివి పడీ పడీ నవ్వాను. గట్టిగా చదివి వినిపిస్తే మా పెద్దావిడ కూడా నవ్వింది. ఈ ల్యాబుకి ఆవిడే పెద్ద, ఆవిడ నవ్వడం అంటే మాకు సెలవు దొరికినంత.

మోడల్ కొంచెం మింగింది. పట్టుకుందా లేదా అన్న ఒక్క ప్రశ్నే కాకుండా, పట్టుకున్నాక రిసెప్టరు ఎటు వంగింది, ఇంకే రిసెప్టర్లను పట్టుకుంది అని కూడా దానికి నేర్పుతున్నాం. నేర్పేటప్పుడు దాచిపెట్టిన మందుల మీద పరీక్ష పెడితే చాలావరకు సరిగ్గానే చెప్పింది. ఆ హుషారులో సరదాకి అన్నయ్య మాత్రను కూడా అడిగాను.

వదినా, ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదువు.

మెదడులో డోపమైన్ అనే కబురు ఒకటి తిరుగుతుంది. దాన్ని అందుకునే రిసెప్టర్లు ఒకే కుటుంబం, అక్కచెల్లెళ్ల పోలికలు. ఒకావిడ ఎక్కువగా కదలికల సంగతి చూసే చోట ఉంటుంది. అన్నయ్య చెయ్యి నిలబడింది ఆవిడ వల్లే. ఆవిడ చెల్లెలు ఇంకో చోట, "ఇది కావాలి, ఇంకా కావాలి" అనిపించే చోట ఎక్కువగా ఉంటుంది. మాత్ర అక్కను పట్టుకుంటుందని మోడల్ చెప్పింది. చెల్లెల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుందని కూడా చెప్పింది.

ఏదో కనిపెట్టేశాననుకుని కాగితం పట్టుకుని మౌనిబాబా దగ్గరికి పరిగెత్తాను. ఆయన చూసి, "దీనికి మోడల్ ఎందుకు? ఎప్పటి నుంచో అందరికీ తెలిసిందే. మాత్రల పెట్టెలో కాగితం ఉంటుంది, చదవలేదా?" అన్నాడు. గాలి తీసేశాడు. ఆ మాత్ర వేసుకునే వాళ్లలో కొందరికి ఏదో ఒక పని మీద కోరిక మొదలై ఇక ఆగదట. కొందరు వస్తువులు కొంటూనే ఉంటారు. కొందరు తింటూనే ఉంటారు. కొందరు చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తారు, వద్దన్నా వినబడదు.

నా గదికొచ్చి నీ ఉత్తరాలు మళ్లీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

నువ్వు "మందు పడింది" అని రాశావు. నేనూ అదే మాట పట్టుకుని గంతులేశాను. ఎక్కడ పడింది వదినా? చేతికి పడింది. మనిషికి పడిందా? అన్నయ్య సరిగా తింటున్నాడా? ఆపమంటే ఆపగలుగుతున్నాడా? నువ్వు రాయబోయి "ఏమీ కాదులే" అని మింగేసిన సంగతి ఏమిటి? డాక్టరమ్మ అడిగింది సరిగ్గా దీని గురించే. నువ్వు ఏమీ లేదన్నావు.

వెంటనే జవాబు రాయి.

పిచ్చుక

*

ఇల్లు
గురువారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య బాగున్నారు. నేనూ బాగున్నాను.

కంప్యూటరుకి మాత్ర చూపించావు సరే, మీ అన్నయ్యను చూపించావా? ఆయన ఎవరో దానికి తెలుసా? బొత్తాలు పెట్టుకోవడం చేతకాక చొక్కా తొడుక్కోవడమే మానేసిన మనిషిని అది చూసిందా? నువ్వు చూశావా? ఫోనులో "బాగున్నావా అన్నయ్యా" అంటే "బాగున్నా" అనేవారు, ఫోను పెట్టేసి ఆ చేతిని ఒడిలో దాచుకునేవారు. ఒకరోజు నాతో ఏమన్నారో నీకెప్పుడూ చెప్పలేదు. "నన్ను కూడా అటక మీద పెట్టెయ్" అన్నారు. అది విన్నదాన్ని నేను.

మార్పుందని డాక్టరమ్మతో చెబితే ఏం చేస్తుంది? మాత్ర ఆపేస్తుంది. మళ్లీ ఆ గోడ, ఆ మంచం. తలుపు మీద నాలుగు అక్షరాలు రాస్తే ఎవరి కొంపా మునగదు. తలుపు నాది, మొగుడు నావాడు. నువ్వు ఇందులో వేలు పెట్టకు.

వదిన

*

ల్యాబు
సోమవారం

వదినా,

నీ ఉత్తరంలో ఒక్క అక్షరం తప్పు లేదు. నువ్వంత కోపంలో ఉన్నావని అప్పుడే అర్థమైంది. మామూలుగా నువ్వు కూడా నాలుగైదు చోట్ల కొట్టేసి రాస్తావు.

నేను పోలీసులా అడిగాను. అలా అడగకుండా ఉండాల్సింది. అడిగిన సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

అటక మీద పెట్టమన్న మాట చదివి లేచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. నాకు అన్నయ్యంటే నిచ్చెన మీద నిలబడి కిందికి చూసి నవ్వే మనిషి. నువ్వు చూసిన మనిషిని నేను చూడలేదు, నిజమే. చూసినదాన్ని ఒక్కదానివే మోశావు, నాకు ఒక్క ముక్క చెప్పకుండా. అందుకు నీ మీద కోపం కూడా వస్తోంది. కోపం వచ్చినా నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు నాకు వదినవయ్యాకే మా ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వడం మొదలైంది.

ఒక్క మాట మాత్రం విను. మాత్ర ఉంటే ఇలా, లేకపోతే గోడ, ఈ రెండే కావు దారులు. మౌనిబాబాను మళ్లీ అడిగాను. పాపం, ఈసారి పావుగంట మాట్లాడాడు. మోతాదు తగ్గించవచ్చు, వేరే మందు జత చేయవచ్చు, మార్చవచ్చు. ఏది కుదురుతుందో చూసి చెప్పాల్సింది డాక్టరమ్మ. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, అది ప్రమాదం. మందు గురించి నేను చెప్పగలిగేది ఇంతే. ఆయన గురించి చెప్పగలిగేది నువ్వు ఒక్కదానివే, చెప్పకపోతే ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?

జవాబు రాయకపోయినా సరే. నేను మాత్రం రాస్తూనే ఉంటాను, నీకు తెలుసుగా, నాకు పిచ్చుక అని పేరు పెట్టిందే అందుకు.

నీ మరదలు

*

ఇల్లు, వంటగది బల్ల
శుక్రవారం

పిచ్చుకా,

చాలా రోజులు రాయలేదు. కోపంతో కాదు. కోపం నీ ఉత్తరం చదివిన సాయంత్రమే దిగిపోయింది. రాస్తే నిజం రాయాలి, అందుకని రాయలేదు.

రెండు వారాల కిందటి ఆదివారం పొద్దున్న నేను కూరగాయలు తరుగుతున్నాను. మీ అన్నయ్య సన్న కుంచె, నల్లరంగు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. "చెయ్యి ఇలా పెట్టు" అన్నారు. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాను. మోచేతి కింద "భార్య" అని రాయడం మొదలెట్టారు. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో కూడా ఇలాంటి సరసాలు ఎరగం. కుంచెకి చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరుగుతుంటే, "కదలకు" అన్నారు. కదలలేదు.

రాయడం అయింది. బాగుంది అన్నాను. "య ఒత్తు సరిగా రాలేదు" అని కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్లీ రాశారు. మళ్లీ తుడిచారు. నేను లేస్తానన్నాను. "ఈ ఒక్క గీత." మళ్లీ రాశారు. ఆ గుడ్డతో తుడిచీ తుడిచీ చర్మం మండుతోంది. చెబితే "ఊఁ" అన్నారు. పొద్దు నడినెత్తికొచ్చింది. తరిగిన కూరగాయలు అలాగే ఉన్నాయి. చర్మం కందిపోయి రక్తం చెమర్చింది. రక్తం తుడిచి దాని మీద రాశారే.

పిచ్చుకా, ఆ మనిషి నా మీద చెయ్యెత్తి ఎరగరు. గొంతెత్తి కూడా ఎరగరు. ఆయనకు నా మీద కోపం లేదు, ప్రేమ లేదు, నేనే లేను. ఆ అక్షరం ఒక్కటే ఉంది. "ఏవండీ" అని పెద్దగా అరిచి చెయ్యి లాక్కున్నాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. అప్పుడు నా చెయ్యి చూశారు. కుంచె కింద పడేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

నేను మింగేసిన సంగతి అడిగావు. రెండు నెలలుగా ఆయన భోజనానికి రావడం లేదు. పిల్లాడికి పెట్టినట్టు, ఆయన రాస్తుంటే పక్కన నిలబడి ముద్దలు నోట్లో పెడుతున్నాను. బెల్టుకి రెండు కొత్త చిల్లులు పొడిచాం. చెప్తే మాత్ర పోతుందని దాచాను.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చేతికి తనే మందు రాసింది. "చాలామంది చెప్పరమ్మా, మీరు చెప్పారు" అంది. ఆ మాత్ర వారం వారం కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. ఇంకోటి జత చేశారు. వణుకు కొంత తిరిగి రావచ్చని ముందే చెప్పింది, అప్పుడే కొంచెం వచ్చింది కూడా.

అన్నయ్య నీకు వేరే కాగితం రాస్తున్నారు. నన్ను చూడొద్దన్నారు. చూడలేదు. కవర్లో పెడుతున్నాను.

వదిన

*

వరండా

పిచ్చుకా,

అక్షరాలు చూసి బెంబేలెత్తకు. మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నా. నువ్వు పలక మీద మొదటిసారి రాసినప్పుడు ఇంతకన్నా ఘోరంగా ఉన్నాయి, నేను సాక్ష్యం.

మీ వదిన అంతా రాశానంటోంది. తనకు తెలియంది ఒకటుంది. రాస్తున్నప్పుడు నాకు ఎలా ఉండేదో చెప్పాలి, నీ పనికి పనికొస్తుందేమో.

కుంచె ఆనినంతసేపు లోకమంతా సరిగ్గా ఉన్నట్టుండేది. ఎత్తగానే ఏదో తప్పు మిగిలిపోయినట్టు. ఆపాలని తెలుసు. ఆపుదామనే అనుకునేవాణ్ణి, ఈ గీత తర్వాత. చెయ్యి నా మాట వింటోందని మీరంతా సంబరపడ్డారు. అప్పుడు నేను చెయ్యి మాట వింటున్నాను. దాన్ని సంతోషం అనుకున్నా. సంతోషమైతే మీ వదిన ముఖం నాకు కనిపించేది కదమ్మా. ఆ రోజు తన చెయ్యి కనిపించింది, తను కనిపించలేదు. ఇది తనకు చెప్పే ధైర్యం లేదు. నువ్వు కూడా చెప్పకు, ఎప్పుడో నేనే చెబుతా.

డాక్టరమ్మ నన్నొకటి అడిగింది. "ఎంత వణుకుతో సర్దుకోగలరు?" అని. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అలా అడగలేదు. ఆలోచించి చెప్పాను, "సగం కప్పు టీ ఒలక్కుండా తాగేంత చాలమ్మా, మిగతా సగం మా ఆవిడ పోస్తుంది" అని.

నీ కంప్యూటరుని ఒకటి అడిగి చెప్పు. నా చెయ్యి నిలబెట్టి, నన్ను నాకు వదిలేసే మాత్ర ఎక్కడైనా ఉందా?

అన్నయ్య

*

ల్యాబు, కిటికీ లేని గది
బుధవారం

అన్నయ్యా, వదినా, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను,

వదినా, నీ చెయ్యి ఎలా ఉంది? రోజూ మందు రాయి, నీళ్లు తగలనివ్వకు, వారం పాటు గిన్నెలు అన్నయ్య తోముతాడు. వణికితే వణికాడు, పగిలితే కొత్తవి కొనుక్కోండి. నువ్వు నోరు విప్పి చెప్పావు కదా, నాకు నిద్ర పట్టింది.

అన్నయ్యా, నువ్వడిగింది అడిగాను. అక్కను పట్టుకుని చెల్లెల్ని ఊరికే వదిలేసే మందు కావాలన్నాను. మోడల్ కొన్ని ఆకారాలు గీసిచ్చింది. మౌనిబాబా వాటిని చూసి, "ఇందులో రెండు అసలు తయారే కావు, ఒకటి ప్రయత్నించొచ్చు" అన్నాడు. ప్రయత్నిస్తున్నాడు. అది గాజుగొట్టంలో పనిచేయాలి, తర్వాత కణాల్లో, తర్వాత ఎన్నో ఏళ్ల పరీక్షలు. చాలావరకు మధ్యలోనే పోతాయి. నీ చేతికి అందుతుందని చెబితే అబద్ధమవుతుంది. నీకు అబద్ధం చెప్పను.

నువ్వు రాసిన ఆ ముక్క మాత్రం, పేరు చెప్పకుండా, మా పెద్దావిడకు చదివి వినిపించాను. "చెయ్యి నా మాట వింటోందని సంబరపడ్డారు, అప్పుడు నేను చెయ్యి మాట వింటున్నాను" అన్నది. ఆవిడ మళ్లీ చదవమంది. తర్వాత, "మనం చెయ్యి నిలబడిందా అన్నదే కొలుస్తున్నాం" అంది. ఇక నుంచి ప్రతి మందుకీ, మనిషి తన మాట తను వింటున్నాడా అన్న రెండో ప్రశ్న కూడా మొదటి ప్రశ్నంత గట్టిగా అడగాలని తీర్మానించాం. ఇది నువ్వు చేసిన పనే అన్నయ్యా, నిచ్చెన ఎక్కకుండా.

నీ అక్షరాలు ఘోరంగానే ఉన్నాయి. ఆ కాగితం నా సొరుగులో పెట్టుకున్నాను, ఎవరికీ ఇవ్వను.

పిచ్చుక

*

ఇల్లు, వంటగది
ఆదివారం

పిచ్చుకా,

చెయ్యి మానింది. గిన్నెలు రెండు పగిలాయి. ఒకటి నేనే పగలగొట్టాను, ఆయన మీదకి తోశాను.

పాత మాత్ర దాదాపు ఆగిపోయినట్టే. మధ్యలో కొన్ని వారాలు గడ్డుగా గడిచాయి. ఊరికే చిరాకు, ఊరికే దిగులు, ఒకరోజు రోజంతా మాట లేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది గనక తట్టుకున్నాం. ఇప్పుడు వణుకు ఉంది. పొద్దున్న ఎక్కువ, భోజనాల వేళకి కొంచెం నయం. బొత్తాలు నేను పెడుతున్నాను. మొదట్లో ముఖం పక్కకి తిప్పుకునేవారు, ఇప్పుడు నా జడ మీద వ్యాఖ్యానాలు చేస్తున్నారు. నీకు ముందే రాసిన మాట ఒకటి నాకూ చెప్పాలన్నారు. చెప్పారు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకున్నాం, అది ఇక్కడ రాయను.

పాత పుస్తకాలమ్మే ఆవిడ కొత్తగా కొట్టు పెట్టింది. బోర్డు ఆయన చేతే రాయించుకుంటానని పట్టుబట్టింది. "నా చెయ్యి వణుకుతుందమ్మా" అని చెబితే, "నా కొట్లో అన్నీ చిరిగిన పుస్తకాలే" అంది. ఒప్పుకున్నారు. బోర్డు వరండాలో పెట్టుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, వారం రోజులు రాశారు. అక్షరాలు కొంచెం అలలు తిరిగాయి. నేను ప్రూఫులు దిద్దేదాన్ని, నా కంటికి బాగున్నాయి.

నిన్న మధ్యాహ్నం "పాత పుస్తకాల దుకాణం" చివరికొచ్చారు. సున్న ఒక్కటే మిగిలింది. నేను వంటగదిలో గరిట పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. కుంచె రంగులో ముంచారు. బోర్డు దాకా తీసుకెళ్లారు. ఇంకా పిలవలేదు నేను. ఆయన కాసేపు ఆ ఖాళీ చోటును చూసి, కుంచెను కిరసనాయిల్లో జాడించి, గుడ్డకు తుడిచి, డబ్బాలో పెట్టి లేచారు.

లోపలికొచ్చి పీట లాక్కుని కూర్చున్నారు. "సున్న రేపు పెడతాలే, అన్నం పెట్టు" అన్నారు.

పెట్టాను. వేడిగా ఉండగానే తిన్నారు.

మీ వదిన